అమ్మను ఒక్కరోజు హైదరాబాద్‌లో తిప్పి తినిపించాలి, ఎక్కడ బాగుంటుంది?

మాది నల్లగొండ దగ్గర పల్లె, నేను ఎల్‌బీ నగర్‌లో ఉంటున్నా. ఆదివారం అమ్మ పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం వెళ్లిపోతుంది. ఎప్పుడొచ్చినా జొన్నరొట్టెలు, పచ్చిపులుసు డబ్బాలో కట్టుకొస్తుందే గానీ బయట ఏమీ తినదు, పైసలు దండగంటుంది. కానీ పోయినసారి చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ ఇప్పిస్తే ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిని, మిగిలింది సాసర్‌లో పోసుకుని ఆఖరి చుక్కదాకా తాగింది, ఆ ముఖం ఇంకా నా కళ్లముందే ఉంది.

ఈసారి మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీం తినిపించాలని ఉంది, ఈ సీజన్‌లో దొరుకుతుందా? మెట్రోలో వచ్చి గాంధీభవన్ స్టేషన్‌లో దిగితే ఆటో తప్పదా? అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. మాంసం ముట్టదు. కోఠి వైపు నిదానంగా కూర్చుని వేడివేడి మిర్చిబజ్జీ తినే చోటు తెలిస్తే చెప్పండి ప్లీజ్.