మన బాధలను మనమే ఎంచుకుని పుడతామా?

కృష్ణాతీరం:
మా ధ్యాన బృందంలో ఈ వారం చర్చంతా దీని మీదే. అమెరికాలో మైకేల్ న్యూటన్ అనే హిప్నాసిస్ చికిత్సకుడు 1994లో ఒక పుస్తకం వేశాడు. హిప్నాసిస్‌లోకి వెళ్లినవారు ఒక జన్మకూ మరో జన్మకూ నడుమ జరిగినది చెప్పారని అందులో రాశాడు. రాబోయే ఒంటినీ తల్లిదండ్రులనూ రోగాలనూ ఆత్మలు ముందే చూసి ఒప్పుకుంటాయట. మా నాన్నగారు పక్షవాతంతో మూడేళ్లు మంచాన ఉన్నారు. ‘నాకే ఎందుకు’ అన్న ప్రశ్న ఆయనను జబ్బు కంటే ఎక్కువగా తినేసింది. ఈ మాట అప్పుడే తెలిసి ఉంటే ఆయనకు చెప్పేవాణ్ని. మీరేమంటారు?

నీలిగన్నేరు:
మా బాబుకు తొమ్మిదేళ్లు, తలసీమియా. మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. దానివల్ల ఒంట్లో పేరుకునే ఇనుము దిగడానికి రోజూ పరగడుపున మాత్ర. గ్లాసు నీళ్లలో వేసి ఎంత తిప్పినా కరగదు, సుద్ద నీళ్లలా అవుతుంది. తాగాక అడుగున మిగిలిన పొడిలో మళ్లీ కాసిని నీళ్లు పోసి అదీ తాగించాలి. ఆ రెండో గుక్క దగ్గరే వాడు నా ముఖం వంక చూస్తాడు.

కిందటి నెల వాడికి రక్తం ఎక్కుతుండగా ఒకావిడ వచ్చి, ‘బాబు మిమ్మల్ని కోరుకునే పుట్టాడమ్మా’ అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, బత్తాయిలు కూడా తెచ్చారు. తలసీమియా జన్యువు మా ఇద్దరిలోనూ ఉందని పెళ్లినాటికి మాకు తెలియదు. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఇప్పుడు మా చెల్లెలికి సంబంధం కుదిరింది. పరీక్ష చేయించుకోమని పోరుతున్నాను. వీడు కోరుకునే పుట్టాడన్నది నిజమైతే, నేను ఏ ఆత్మ కోరికకు అడ్డుపడుతున్నట్టు?

కృష్ణాతీరం:
క్షమించండమ్మా, నొప్పించాలని కాదు. మీరు చెల్లెలికి చెప్పడం కూడా ఆ ప్రణాళికలోదే కావచ్చు కదా? పైగా ఇది నిన్నమొన్నటి ఊహ కాదు. గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన ‘రిపబ్లిక్’ చివర ఆత్మలు తమ తదుపరి జీవితాన్ని తామే ఎంచుకుంటాయి.

లెక్కల మాస్టారు:
చెబితే ప్రణాళిక, చెప్పకపోతే ప్రణాళిక. వాన వచ్చినా మీరే గెలిచి, రాకపోయినా మీరే గెలిస్తే అది పందెం కాదు బాబూ.

ఆ ప్లేటో కథనే పూర్తిగా చదవండి. గ్రీకు పురాణ వీరుడు ఒడిస్సియస్ వంతు అందరికంటే చివర వస్తుంది. పడ్డ పాట్లన్నీ గుర్తున్నాయి గనుక, ఏ గొడవా లేని మామూలు మనిషి బతుకు కోసం వెతికి మరీ తీసుకుంటాడు. కష్టం రుచి తెలిసినవాడు దాన్ని మళ్లీ కోరలేదు!

ఇక హిప్నాసిస్ సంగతి. కెనడాలో నికొలస్ స్పానోస్ అనే మనస్తత్వవేత్త బృందం 1991లో పూర్వజన్మ ‘జ్ఞాపకాల’ మీద ప్రయోగాల ఫలితాలు ప్రకటించింది. పాతకాలంలో పిల్లలను హింసించడం మామూలేనని ముందుగా వినిపించినవారికి, తమ గతజన్మలోనూ ఆ హింసే ఎక్కువగా కనిపించింది. వేసిన విత్తే మొలిచింది.

తాటాకు:
దీన్ని మన కర్మ సిద్ధాంతానికి అంటగట్టడం నాకు నచ్చదు. ప్రారబ్ధాన్ని వదిలేసిన బాణంతో పోల్చారు పెద్దలు. అంగట్లో ఏరుకున్న సరుకుతో కాదు. గర్భోపనిషత్తులో శిశువుకు పాత జన్మలు గుర్తొస్తాయి, నిజమే. అయితే ‘ఇక్కణ్నుంచి బయటపడితే చాలు’ అని అది మొరపెట్టుకుంటుంది. కోరి వచ్చినవాడి మాట అలా ఉంటుందా?

కర్మకైనా లెక్క ఉండాలన్నాడు మహాభారతంలో మాండవ్య ముని. చిన్నప్పుడు పురుగులను గుచ్చినందుకు తనకు శూలానికి గుచ్చే శిక్ష పడిందని తెలిసి యముణ్ని శపించాడు. పద్నాలుగేళ్ల లోపు చేసినది పాపం కాదని కట్టడి పెట్టాడు.

కృష్ణాతీరం:
మాండవ్యుడి కథ ఇలా ఆలోచించలేదు. అయినా నాన్నగారి విషయంలో నా నమ్మకం నాకుంది. ఆ ఆసుపత్రి ఆవిడలా మాత్రం ఎవరికీ చెప్పను.

నీలిగన్నేరు:
మీ నమ్మకం మీద నాకు కోపం లేదండీ. మాస్టారూ, ఒకటి చెప్పండి. పరీక్ష చెల్లెలికి చేయిస్తే చాలా, అబ్బాయికి కూడానా? అడిగితే వాళ్లు ఏమనుకుంటారోనని అమ్మ భయపడుతోంది.

లెక్కల మాస్టారు:
నాకు లెక్కలే తెలుసమ్మా. ల్యాబులో పనిచేసేవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

సూక్ష్మదర్శిని:
ముందు మీ చెల్లెలికి హెచ్‌బీఏ2 పరీక్ష చేయించండి, వాహకురాలో కాదో తేల్చే రక్తపరీక్ష అది. ఇనుము లోపం ఉంటే ఫలితం తక్కువగా చూపించవచ్చు, అదీ చూడమని డాక్టరుకు చెప్పండి. ఆమె వాహకురాలని తేలితే అబ్బాయికీ తప్పదు. మీ అమ్మగారు మొహమాటపడితే, పెళ్లికి ముందు ఇద్దరూ చేయించుకుంటున్నారని చెప్పి ఒకే రోజు పంపించేయండి.