డిసెంబర్ సెలవుల్లో స్పితి: టెంట్ మోసుకెళ్లొచ్చా?

ఎడారినడక:
డిసెంబర్ 22 నుంచి జనవరి 1 దాకా నాకూ మా చెల్లికీ సెలవులు కలిశాయి. హిమాచల్‌లోని స్పితి లోయకి వెళ్దామనుకుంటున్నాం. చిన్న ట్రెక్కులు చేశాం గానీ 3,000 మీటర్ల పైన ఎప్పుడూ పడుకోలేదు. రోహ్‌తాంగ్ కనుమ కింద అటల్ టన్నెల్ ఉంది కదా అని మనాలి నుంచి నేరుగా స్పితిలోని పెద్ద ఊరు కాజా చేరి, అక్కణ్ణుంచి కీ, కిబ్బర్, లాంగ్జా, హిక్కిమ్, కోమిక్ ఊళ్ల మీదుగా టెంట్‌తో నడవాలని ప్లాన్. బ్యాగులు చెరో 14 కిలోలు వస్తున్నాయి. తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

కనుమదారి:
టన్నెల్ దాటితే వచ్చేది లాహౌల్. స్పితికి వెళ్లాలంటే ఇంకా 4,500 మీటర్ల పైనున్న కుంజుమ్ కనుమ ఎక్కాలి, చలికాలంలో దాన్ని మంచు మూసేస్తుంది. 2020లో టన్నెల్ తెరిచాక తప్పింది రోహ్‌తాంగ్ ఒక్కటే. సిమ్లా, కిన్నౌర్ మీదుగా వెళ్లండి. ఆ దారి కూడా మంచు పడితేనో కొండరాళ్లు జారితేనో ఆగుతుంది, ఒకట్రెండు రోజులు చేతిలో ఉంచుకోండి.

చలిమంట:
మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నా, టెంట్ ఇంట్లోనే వదిలేయండి. మూడేళ్ల కిందట ఇవే రోజుల్లో నేనూ మోసుకెళ్లాను. కాజా దగ్గర ఒక్క రాత్రి వేశాను. తెల్లారేసరికి నా ఊపిరే లోపలి గుడ్డకి మంచుపొరలా పట్టి మొహం మీద రాలుతోంది. అక్కడ రాత్రిళ్లు మైనస్ 20 దాకా పోవడం వింతేం కాదు. మిగతా రోజులన్నీ అది వీపు మీద ఊరికే మూడు కిలోల బరువు.

నా రెండో తెలివితక్కువ పని నీళ్ల ఫిల్టర్. వాటిలో సన్నటి పీచుగొట్టాలుంటాయి, తడిగా ఉన్నప్పుడు గడ్డకడితే చిట్లిపోతాయి. పైకేం తెలీదు, నీళ్లు ఎప్పట్లాగే వస్తాయి. నాకు కడుపు చెప్పింది. హోమ్‌స్టేలో మరిగించిన నీళ్లే అడిగి పోయించుకోండి. రాత్రి సీసా, ఫోను, పవర్ బ్యాంకు మీతోపాటే స్లీపింగ్ బ్యాగులోకి. పగలు నడిచేటప్పుడు సీసాను తలకిందులుగా పెట్టండి. గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్లు మిగులుతాయి.

అసలు సంగతి ఎత్తు. కాజాలో గాలి పీడనం సముద్రమట్టం దగ్గరున్న దానిలో మూడింట రెండొంతులు కూడా ఉండదు. 3,000 దాటాక పడుకునే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెంచొద్దంటారు. నేను వినలేదు, కాజా చేరిన మర్నాడే కిబ్బర్‌లో పడుకున్నా. అర్ధరాత్రి తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు. పొద్దున్నే కాజాకి దిగాకే తగ్గింది.

మీరు కిన్నౌర్‌లోని కల్పాలో రెండు రాత్రులు, పైన స్పితిలోని తాబోలో రెండు, కాజాలో రెండు ఉండండి. దారిలో నాకో అనే ఊరు బాగుంటుంది, కానీ తాబో కన్నా ఎత్తు. చూసి కదిలిపోండి. తాబోలో మట్టిగోడల గుడులున్న బౌద్ధారామం 996 నాటిది, ఒక పూట ఇవ్వండి. ఇలా లెక్కేస్తే కోమిక్‌లో పడుకోవడానికి రోజు మిగలదు. పోనీండి. లాంగ్జా నుంచి హిక్కిమ్ దాకా పగటిపూట నడిచి చీకటి పడేలోపు కాజాకి వచ్చేయొచ్చు. తలనొప్పి ఉండగా పైకి మాత్రం వెళ్లొద్దు. నడక తూలినా, ఊరికే కూర్చున్నా ఆయాసం వచ్చినా, రాత్రయినా సరే కిందికి దిగిపోవాలి.

ఇంకోటి, చలిగా ఉందని బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసి పడుకోకండి. ఆ విషవాయువుకి వాసన కూడా ఉండదు.

ఎడారినడక:
మనాలి వైపు టికెట్లు ఇంకా తీయలేదు, బతికిపోయాం. ఎత్తు పడకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వాడితే కల్పాలో ఒక రాత్రి తగ్గించుకోవచ్చా?

కనుమదారి:
వద్దు. ఆ మాత్ర శరీరం అలవాటు పడటానికి సాయం చేస్తుందంతే, రోజులు మిగల్చదు. డాక్టర్‌ని అడిగే వేసుకోండి, సల్ఫా మందులు పడవంటే ముందే చెప్పండి. దాంతో మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. మరుగుదొడ్డి ఇంటి బయట ఉంటే, ఆ చలిలో రాత్రి మూడుసార్లు లేవడం ఎలా ఉంటుందో చలిమంట గారే చెప్పాలి.

చలిమంట:
చెప్పను.

ఎడారినడక:
సిమ్లా దారికి మార్చాం, కల్పాలో రెండు రాత్రులూ ఉంచాం. టెంట్ తీసేశాం. చెల్లి ఎగిరి గంతేస్తోంది, అది దాని బ్యాగులోనే ఉండేది.