ఫ్రీజ్‌కి ముందు రోజు పంపిన ప్యాచ్‌ని "వచ్చే రిలీజ్‌లో చూద్దాం" అంటే న్యాయమేనా?

ప్యాచ్‌వాలా:
ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి (పేరు చెప్పను, గొడవ ఇంకా ముదురుతుంది) ఖాళీ టైమ్‌లో కోడ్ రాస్తుంటాను. నా ప్యాచ్ సిరీస్ (వరుసగా పంపే కోడ్ మార్పులు) వారాల తరబడి రివ్యూ క్యూలో పడి ఉంది, గుర్తు చేసినప్పుడల్లా "చూస్తాం" అన్నారు. తీరా ఫీచర్ ఫ్రీజ్ (రిలీజ్‌కి ముందు కొత్త ఫీచర్లు తీసుకోవడం ఆపేసే రోజు) దగ్గరపడ్డాక రివ్యూయర్ వచ్చి ఇది మార్చు, అది మార్చు అని చాంతాడంత లిస్టు ఇచ్చాడు. కూర్చుని అన్నీ మార్చి ఫ్రీజ్‌కి ముందు రోజే పంపాను. ఆలస్యమైందని, వచ్చే రిలీజ్‌లో చూద్దామని మెయింటెయినర్ (ఏ కోడ్ కలపాలో నిర్ణయించేవాడు) ఒక్క ముక్కలో తేల్చేశాడు. గడువు లోపలే పంపాను కదా! పైగా అందులో ఒక క్రాష్ ఫిక్స్ కూడా ఉంది, అది యూజర్లకి ఇప్పుడే కావాలి. గట్టిగా అడగాలా, ఊరుకోవాలా?

ఆర్‌సీ_కాపలా:
మీరు దాన్ని కోడ్ పంపడానికి గడువు అనుకుంటున్నారు, మెయింటెయినర్ లెక్కలో అది తన పని ముగించుకోవాల్సిన గడువు. లైనక్స్ కెర్నల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలాంటి కోడ్) కొత్త కోడ్ కలుపుకునే మెర్జ్ విండో రెండు వారాలు ఉంటుంది, కానీ అది కోడ్ రాసుకునే టైమ్ కాదు, అప్పటికే లైనక్స్-నెక్స్ట్ అనే ట్రయల్ శాఖలో కొన్నాళ్ళు నలిగిన కోడ్‌ని కలుపుకునే టైమ్. తర్వాత ఆర్‌సీ1 (ఆర్‌సీ అంటే రిలీజ్ క్యాండిడేట్, రిలీజ్‌కి ముందు పరీక్షకి వదిలే వెర్షన్), అక్కణ్ణుంచి వారానికొకటి చొప్పున ఆర్‌సీ7 దాకా, ఒక్కోసారి ఆర్‌సీ8 దాకా వచ్చేవన్నీ ఫిక్స్‌లే అయి ఉండాలి. 2025 ఆగస్టులో కెర్నల్ 6.17 విండో అప్పుడు రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ ఆర్కిటెక్చర్ కోడ్ కలపమని వచ్చిన పుల్ రిక్వెస్ట్‌ని లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అసలు తీసుకోలేదు. తను ప్రయాణాల్లో ఉంటాను, తొందరగా పంపండి అని ముందే చెప్పాడు, ఇది విండో చివర్లో వచ్చింది. పైగా ఆ ఆర్కిటెక్చర్‌కి మాత్రమే పరిమితం కాని ఒక హెల్పర్‌ని (చిన్న సహాయక కోడ్) అందరూ వాడే హెడర్ ఫైల్లో పెట్టారని మండిపడ్డాడు. ఆయన వాడిన భాషని నేను సమర్థించను, అది వేరే సంగతి. కానీ అదే కోడ్ మొదటి వారంలో వచ్చి ఉంటే ఆ హెల్పర్ తీసేసి మళ్ళీ పంపడానికి టైమ్ ఉండేది కదా.

బగ్_వేటగాడు:
రూల్ మంచిదే అండీ, కానీ రూల్ ఒకవైపే కట్టేస్తోంది. రాసేవాడికి గడువు ఉంది, రివ్యూయర్‌కి ఏదీ? ఇక్కడ అసలు అన్యాయం అదే.

ఇక "యూజర్లకి ఇప్పుడే కావాలి" అనే వాదన గురించి. బీక్యాషెఫ్‌ఎస్ కథ చూడండి, లైనక్స్ 6.7లో కెర్నల్‌లోకి వచ్చిన ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్ళని దాచే పద్ధతి) అది. 2025లో 6.16 ఆర్‌సీల మధ్యలో, పాడైన ఫైల్‌సిస్టమ్‌ని తిరిగి రాబట్టడానికి జర్నల్ రివైండ్ అనే సౌకర్యం పంపారు. డేటా పోగొట్టుకున్నవాళ్ళకి ఇది అవసరం అని దాన్ని రాసిన కెంట్ ఓవర్‌స్ట్రీట్, ఇది ఫిక్స్ కాదు కొత్త ఫీచర్ అని మిగతావాళ్ళు. నన్నడిగితే ఆయన మాటలోనూ పస ఉంది, డేటా పోయినవాడికి మీ రిలీజ్ క్యాలెండర్‌తో పనేముంది? లైనస్ చివరికి దాన్ని కలిపాడు కూడా. కానీ ఆర్‌సీల మీద అంతకుముందూ గొడవలున్నాయి, నమ్మకం పూర్తిగా చెడింది, 6.17లో దాన్ని బయట మెయింటెయిన్ అయ్యే కోడ్‌గా మార్క్ చేశారు, 6.18లో తీసేశారు. వాదనలో గెలిచి ఇల్లు పోగొట్టుకోవడం అంటే ఇదే. మీ దగ్గర క్రాష్ ఫిక్స్ ఉందంటున్నారు, దాన్ని ఫీచర్‌తో ఎందుకు కలిపి పంపారు?

ప్యాచ్‌వాలా:
ఫీచర్ కోసం ఆ ఫంక్షన్‌ని తిరగరాస్తుంటే ఆ క్రాష్ దొరికింది, అందుకే రెండూ ఒకే సిరీస్‌లో ఉన్నాయి. విడదీస్తే ఫిక్స్ పాత కోడ్ మీద మళ్ళీ రాయాలి.

పాత_కమిటర్:
మళ్ళీ రాయండి మరి. పాత కోడ్ మీద పది లైన్ల ఫిక్స్, దానికో టెస్ట్, ఎప్పటినుంచి క్రాష్ అవుతోందో రెండు లైన్లు, అంతే. ఇది ఫ్రీజ్ తర్వాత కూడా వెళ్తుంది, ఫ్రీజ్ ఉన్నదే వాటికోసం. పైథాన్ భాష రిలీజ్‌లలో బీటా 1 తర్వాత కొత్త ఫీచర్లు బంద్, కానీ ఫిక్స్‌లు నడుస్తూనే ఉంటాయి.

ఫీచర్ విషయంలో మాత్రం తొందరపడకండి. చివరి నిమిషంలో లోపలికి వెళ్ళినంత మాత్రాన అక్కడే ఉంటుందని లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 15వ వెర్షన్ కోసం ఫ్రీజ్‌కి కాస్త ముందు కలిపిన ఎస్‌క్యూఎల్-జేసన్ ఫీచర్లని (జేసన్ రూపంలోని డేటాని ఎస్‌క్యూఎల్‌తో వాడుకునేవి) 2022 సెప్టెంబర్‌లో, రిలీజ్‌కి నెలన్నర ముందు, వెనక్కి తీసేశారు. అందులో జేసన్_టేబుల్ అనే ఫీచర్ మళ్ళీ 2024లో 17వ వెర్షన్‌లో గానీ రాలేదు. ఏడాదికొక రిలీజ్ ఉన్న చోట ఆగడం కష్టమే, మీ ప్రాజెక్ట్ ఎన్నాళ్ళకొకసారి?

ప్యాచ్‌వాలా:
మూడు నెలలకి. సరే, ఫిక్స్ విడదీసి పంపుతా. కానీ రివ్యూయర్ మళ్ళీ ఇలాగే చేస్తే?

పాత_కమిటర్:
ఫ్రీజ్ ఎత్తేసిన రోజే సిరీస్ మళ్ళీ పంపి, పోయినసారి అడిగిన మార్పులన్నీ అయ్యాయని కవర్ లెటర్‌లో (సిరీస్‌తో పాటు పంపే పరిచయ మెయిల్) రాసి, మెయింటెయినర్‌ని కూడా కాపీలో పెట్టండి. "ఇంకా ఏమైనా మార్పులుంటే ఫలానా తేదీలోపు చెప్పండి" అని మీరే తేదీ వేయండి. అప్పటికీ నోరు విప్పకపోతే ఆ తేదీ అందరి ముందూ రికార్డులో ఉంటుంది, ఇంకో రివ్యూయర్‌ని అడగడానికి మీకు మొహమాటం ఉండదు.