వీవీప్యాట్ స్లిప్పులన్నీ లెక్కపెట్టాలా, ఐదు కేంద్రాలవి చాలా?

గోదావరిగట్టు:
తెలంగాణలో వచ్చే అసెంబ్లీ ఎన్నికలకైనా వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో కాగితం మీద ముద్రించే, ఓటింగ్ యంత్రానికి కలిపిన ప్రింటర్) స్లిప్పులు వంద శాతం లెక్కపెట్టాలి. ఇప్పుడు నియోజకవర్గానికి ఐదు పోలింగ్ కేంద్రాలవే చూస్తున్నారు. 2019లో సుప్రీంకోర్టు ఒకటిని ఐదు చేసింది. 2024 ఏప్రిల్ 26 తీర్పులో వంద శాతం కుదరదంది. ఓటరు ఏడు సెకన్లు కళ్లారా చూసిన కాగితం పెట్టెలోనే ఉండగా, దాన్ని ముట్టుకోకుండా ఫలితం చెప్పేస్తే ఎలా?

కౌంటింగ్‌టేబుల్:
ఆ కాగితం సంగతి కూడా చూడండి. 9.9 సెంటీమీటర్ల పొడవు, 5.6 వెడల్పు ఉండే పల్చని థర్మల్ స్లిప్పు. గుర్తుల వారీగా విడదీసి, పాతికేసి కట్టలు కట్టి, ఏజెంట్లకు చూపిస్తూ లెక్కించాలి. కేంద్రానికి సుమారు గంట పడుతుంది. నియోజకవర్గానికి 300 కేంద్రాలనుకుంటే, 14 టేబుళ్ల మీద ఒకేసారి మొదలెట్టినా 21 గంటలు దాటుతుంది. నిద్రలేని సిబ్బంది చేతిలెక్కలో ఒకటీ రెండూ తప్పు పోవడం ఖాయం.

ఇంకోటి. యంత్రం లెక్కకీ స్లిప్పుల లెక్కకీ తేడా వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది మాక్ పోల్‌ని. పోలింగ్‌కు గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేస్తారు. తర్వాత కంట్రోల్ యూనిట్‌లో (ఓట్లు నమోదయ్యే యంత్రం) క్లోజ్, రిజల్ట్, క్లియర్ వరసగా నొక్కాలి. ఆ స్లిప్పులు తీసి, వెనక ముద్ర వేసి, నల్ల కవర్లో సీల్ చేయాలి. క్లియర్ మర్చిపోతే యంత్రంలో 50 ఎక్కువ, స్లిప్పులు తీయకపోతే పెట్టెలో 50 ఎక్కువ.

లెక్కలమాస్టారు:
ఇద్దరూ అంకె దగ్గరే ఆగిపోయారు. 300 కేంద్రాల్లో మూడు చోట్ల తేడా ఉందనుకోండి. ఐదు తీస్తే వాటిలో ఒక్కటైనా దొరికే అవకాశం 5 శాతం లోపే. ముప్పైలో తేడా ఉంటే 40 శాతం పైచిలుకు. 50 వేల మెజారిటీ తారుమారు కావాలంటే చాలా యంత్రాలు చెడాలి, అక్కడ చిన్న శాంపిల్ సరిపోతుంది. 2023లో చేవెళ్లలో మెజారిటీ 268 ఓట్లు. 2018లో ఆసిఫాబాద్‌లో 171. ఇలాంటి చోట ఒక్క కేంద్రం చాలు ఫలితం మారడానికి. కాబట్టి మెజారిటీ తగ్గేకొద్దీ కేంద్రాలు పెంచాలి, వెయ్యి లోపైతే అన్నీ లెక్కించాలి. ఇది కొత్త సూత్రమేం కాదు. 2024 ఎన్నికల దాకా మాక్ పోల్ క్లియర్ చేయని యంత్రాన్ని ఎన్నికల సంఘం పక్కన పెట్టించేది. ఆ కేంద్రంలో పోలైన ఓట్ల కంటే మెజారిటీ తక్కువుంటేనే దాని స్లిప్పులు లెక్కించేవారు. మెజారిటీ చూసి నిర్ణయించడం అక్కడ చెల్లినప్పుడు, ఐదు కేంద్రాల దగ్గర ఎందుకు ఉండకూడదు?

గోదావరిగట్టు:
దీనికి ఒప్పుకుంటాను, కానీ అదే రోజు జరగాలి. 2018లో ధర్మపురి మెజారిటీ 441. కేసు నడిచి, 2023లో హైకోర్టు స్ట్రాంగ్‌రూమ్ తెరవమంటే తాళంచెవులే దొరకలేదు, తాళాలు పగలగొట్టాల్సి వచ్చింది. కోర్టుకెళ్లి తేల్చుకోమనడం అభ్యర్థికి న్యాయం కాదు.

కౌంటింగ్‌టేబుల్:
అదే రోజు అడిగే దారి ఇప్పుడూ ఉంది, ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోని 56డి. మొత్తం ఓట్లు చదివాక, ఫలితం ప్రకటించే లోపే, ఫలానా కేంద్రాల స్లిప్పులు లెక్కించమని అభ్యర్థిగానీ ఏజెంటుగానీ రిటర్నింగ్ అధికారికి రాసివ్వాలి. ఆయన కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. లెక్కిస్తే, తేడా వచ్చినచోట స్లిప్పుల లెక్కే చెల్లుతుంది. ఏజెంట్లు చాలామంది నోటితో గొడవ పడి ఊరుకుంటారు, ఈలోగా ప్రకటన అయిపోతుంది. పోలింగ్ సాయంత్రం తీసుకున్న 17సి (కేంద్రంలో ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసే ఫారం) కాపీలు కేంద్రాల వారీగా దగ్గరుంచుకుని, కంట్రోల్ యూనిట్ చూపే మొత్తంతో అక్కడికక్కడే సరిచూడాలి. తేడా ఉన్న కేంద్రం నంబరు రాయకుండా 'అనుమానం ఉంది' అని ఒక్క ముక్క రాస్తే తోసిపుచ్చడం తేలిక.

లెక్కలమాస్టారు:
ఒప్పుకోవడం, తోసిపుచ్చడం అధికారి ఇష్టానికి వదిలేశారు, నా అభ్యంతరం అక్కడే. మెజారిటీ వెయ్యి లోపుంటే 56డి అర్జీని కాదనకూడదని నిబంధనలో రాయాలి.