పంగిడి దగ్గర వరస గుంటలు: కూలిన లావా గొట్టమేనా?

కొవ్వూరు కుర్రోడు: ఉపగ్రహ మ్యాపులో పంగిడి, గౌరీపట్నం వైపు వరసగా గుంటలు కనపడ్డాయండి. అక్కడి నల్లరాయి లావాయేనంట కదా. లావా పారిన సొరంగం పైకప్పు కూలితే ఇలాగే గుంటలు పడతాయని చదివా. ఇవి అవేనా?

దేవరపల్లి మాస్టారు: కాదు బాబూ, అవి క్వారీలు. అంచులు గీత గీసినట్టుంటాయి, మెట్లుమెట్లుగా దిగుతాయి, లారీ బాట లోపలికంటా పోతుంది. రాయి మాత్రం లావాయే. దక్కను లావా కాలానిది, ఇంచుమించు 6.5 కోట్ల ఏళ్లు. అంత పాతదాంట్లో గొట్టం ఉండుంటే మాత్రం పైకి ఆనవాలు మిగులుతుందా?

బ్రిస్బేన్‌లో అమలాపురం: క్వీన్స్‌లాండ్‌లో ఉండారా అనే చోట లావా గొట్టాలు చూసొచ్చానండి. సుమారు 1,90,000 ఏళ్ల నాటి లావా, ఒక పాయ 160 కిలోమీటర్లు పారింది. ఎండు అడవిలో ముదురాకుపచ్చ చెట్ల గుంపులు బారుగా కనపడతాయి. కప్పు కూలింది అక్కడే. గుంటలో నీడ, తేమ నిలుస్తాయి కదా! దిగితే మంచమంత బండలు, పదునైన అంచులతో. మధ్యమధ్య కూలని కప్పు వంతెనలా నిలబడి ఉంది.

లంకపిల్ల: మరి ఏరు వదిలేసిన పాత పాయకీ దీనికీ తేడా ఏంటండీ? అదీ వంకర్లు తిరిగే ఉంటుందిగా.

దేవరపల్లి మాస్టారు: పాయ మీద రాతికప్పు మిగలదమ్మా. దాని అడుగున ఇసుక, ఒండ్రు, మహా అయితే నున్నటి గులకరాళ్లు. గొట్టంలో పడ్డవి విరిగిన కప్పు ముక్కలు. పైగా ఏరు పల్లాన్ని వెతుక్కుంటుంది, గొట్టం చాలాచోట్ల వీపులా ఉబ్బిన మెరక కింద ఉంటుంది.

లంకపిల్ల: మెరక మాట ఒప్పుకోనండి. మా కోనసీమలో ఏటి ఒడ్డే ఎత్తు, చేలు పల్లం. వరదొస్తే తెలుస్తుంది!

దేవరపల్లి మాస్టారు: బాగా పట్టావు. డెల్టాలో ఆ గుర్తు పనికిరాదు. కాకపోతే మీ మెరక తవ్వితే ఒండ్రుమట్టే వస్తుంది, రాయి రాదు.

బ్రిస్బేన్‌లో అమలాపురం: గుంటల వరస రెండుగా చీలింది కాబట్టి ఏరే అనుకోకండి. గొట్టాలూ చీలతాయి.

చుక్కల రాయుడు: చందమామ మీద చిక్కు వేరు. 2009లో జపాన్ కగుయా నౌక ఫొటోల్లో మారియస్ కొండల దగ్గర నిలువు గొయ్యి బయటపడింది. ఉల్క పడ్డ గుంతైతే చుట్టూ ఎగిరిపడిన మట్టి గట్టు కట్టాలి. దీనికి గట్టు లేదు. అందుకే కింద గొట్టం ఉందని అనుమానం.

కొవ్వూరు కుర్రోడు: అయితే నాది క్వారీయే! ఆదివారం వెళ్లి చూసొస్తా.

దేవరపల్లి మాస్టారు: చెప్పి వెళ్లు బాబూ, బ్లాస్టింగ్ వేళ మాత్రం వద్దు. లావా పొరల మధ్య సున్నపురాయి కనపడితే నత్తగుల్లల అచ్చులు వెతుకు. ఫొటో పెట్టడం మర్చిపోకు.