కడపలో పెద్ద హోటల్, తేలికైన మధ్యాహ్న భోజనం: ఏం తెప్పించుకోవాలి?

కడప కోడలు:
ఆదివారం మా అత్తగారిని ఏడురోడ్ల కూడలి వైపు ఉన్న హోటల్‌కు తీసుకెళ్తున్నాను. తెల్లటి గుడ్డ పరిచిన బల్లలు, మెత్తటి కుర్చీలు, గట్టిగా మాట్లాడాలంటే మొహమాటపడే చోటు. నాకు చాలా ఇష్టం. ఆవిడకు షుగర్ ఉంది. ఫుల్ మీల్స్ వద్దంటారు, సూప్ చెబితే ‘నీళ్లు తాగడానికి ఇంత ఖర్చా’ అంటారు. సలహా చెప్పండి.

మైదుకూరు రైతు:
ఒకే రాగి సంకటి ముద్ద చెప్పి ఇద్దరూ పంచుకోండి. కాకపోతే అందులో బియ్యం కూడా ఉడికించి కలుపుతారమ్మా, పేరులో రాగి ఉంది కదా అని షుగర్‌కు మందులా చూడకండి. పక్కన గోంగూర పప్పు చాలు. నాటుకోడి పులుసు బాగుంటుంది గానీ అది వచ్చాక ‘తేలిక’ అన్న మాట ఎవరికీ గుర్తుండదు. ఇంకొకటి, దయచేసి స్పూను ముట్టుకోకండి. చేత్తో చిన్న ఉండ చేసి, పప్పులో ముంచి మింగాలి. నమిలితే పళ్లకు అంటుకుంటుంది.

అనంతపురం అక్క:
ఎర్రకారం దోశ కూడా ఒకటి పంచుకోవచ్చు, కారం తక్కువ పూయమనండి. మధ్యాహ్నం దోశలు వేయని చోట్లున్నాయి, ముందే ఫోను చేయండి.

కడప కోడలు:
ఫోను చేశాను. దోశ సాయంత్రమేనట. సంకటి అనగానే అత్తగారు ‘చెనక్కాయల పచ్చడి ఉంటుందా’ అని అడిగారు, అంటే ఒప్పుకున్నట్టే. మజ్జిగ మాత్రం ఇంటికొచ్చి తాగుతారట.