సౌరజ్వాలలో వేడికెంత, ఎలక్ట్రాన్లకెంత? లెక్క తేలట్లేదు

తార్నాక_తార:
ఓయూలో సోమవారం ప్రాజెక్ట్ రివ్యూ. ఆదిత్య ఎల్1 వ్యోమనౌకలోని హార్డ్ (ఎక్కువ శక్తి) ఎక్స్-కిరణాల పరికరం హెలియోస్ ఇచ్చిన ఒక జ్వాల స్పెక్ట్రాన్ని థర్మల్ (వేడి ప్లాస్మా వెలుగు) ప్లస్ థిక్ టార్గెట్ (వేగపు ఎలక్ట్రాన్లు దట్టమైన పొరని గుద్ది ఆగినప్పటి వెలుగు) మోడల్‌తో ఫిట్ చేశాను. 20 మిలియన్ కెల్విన్, ఎమిషన్ మెజర్ (సాంద్రత వర్గం × వాల్యూమ్) 10⁴⁹, వాల్యూమ్ 10²⁷ ఘన సెం.మీ. ఉష్ణశక్తి 8×10²⁹ ఎర్గ్‌లు. ఎలక్ట్రాన్ల శక్తి మాత్రం కటాఫ్ (ఎలక్ట్రాన్ల కనీస శక్తి) 20 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్) పెడితే 10³⁰, 10 పెడితే 8×10³⁰. ఏది రాయాలి?

జపాల్_దూర్బిని:
మీ డెల్టా (శక్తి పెరిగేకొద్దీ ఎలక్ట్రాన్లు ఎంత త్వరగా తగ్గుతాయో చెప్పే సూచిక) 5 అయ్యుండాలి. అప్పుడు శక్తి కటాఫ్ ఘనానికి విలోమంగా మారుతుంది, సగం చేస్తే 8 రెట్లు. 20 కేఈవీ లోపు థర్మల్ వెలుగే మొత్తం కప్పేస్తుంది కాబట్టి అసలు కటాఫ్ ఎక్కడుందో స్పెక్ట్రం చెప్పదు. కటాఫ్‌ని 1 కేఈవీ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ మిగతా పారామీటర్లను వదిలి మళ్ళీ ఫిట్ చేయండి. కై-స్క్వేర్ (ఫిట్ ఎంత కుదిరిందో చెప్పే కొలత) చెడకుండా ఎంతవరకు పోతుందో అదే కటాఫ్. వచ్చిన శక్తి పక్కన "కనీసం" అని తప్పకుండా రాయండి.

నల్లకుంట_నక్షత్రం:
దానికి ముందు ఆల్బెడో కరెక్షన్ పెట్టారా? ఫోటోస్ఫియర్ (సూర్యుడి కనిపించే ఉపరితలం) నుంచి తిరిగొచ్చే ఎక్స్-కిరణాలు 30–40 కేఈవీ దగ్గర ఉబ్బెత్తుగా కలుస్తాయి. తీసేయకపోతే కింద స్పెక్ట్రం చదునుగా కనబడి, కటాఫ్ లేనిచోట ఉన్నట్టనిపిస్తుంది. ఇంకోటి, ఉష్ణశక్తిలో ఫిల్లింగ్ ఫ్యాక్టర్ (వాల్యూమ్‌లో నిజంగా ప్లాస్మా నిండిన భాగం) 1 అనుకున్నట్టున్నారు. అది 0.01 అయితే వర్గమూలం వల్ల ఉష్ణశక్తి పదోవంతుకి పడిపోతుంది.

తార్నాక_తార:
ఆల్బెడో పెట్టలేదండీ. సరే, తర్వాత రెండూ కూడి శాతాలు వేయొచ్చా?

జపాల్_దూర్బిని:
వద్దు. ఎలక్ట్రాన్లు క్రోమోస్ఫియర్‌ని (ఫోటోస్ఫియర్ పై పొర) గుద్దితే ఆవిరై అయస్కాంత లూపుల్లోకి లేచిన ప్లాస్మానే చాలావరకు మీరు 20 మిలియన్ దగ్గర చూస్తున్నది. ఒకే రూపాయిని రెండు జేబుల్లో లెక్కపెట్టినట్టవుతుంది. పైగా 8×10²⁹ అనేది ఒక్క క్షణపు నిల్వ. రేడియేషన్‌కీ, కండక్షన్‌కీ అప్పటికే పోయింది అందులో లేదు. ఎలక్ట్రాన్లదేమో జ్వాల సాగినంతసేపూ కూడిన మొత్తం.

నేరుగా వేడెక్కిన వాటా వెతకాలంటే అదే వ్యోమనౌకలోని సోలెక్స్ పరికరం ఇచ్చిన సాఫ్ట్ (తక్కువ శక్తి) ఎక్స్-రే వక్రానికి డెరివేటివ్ తీసి, హెలియోస్ 20 కేఈవీ పైన ఉన్న లైట్ కర్వ్ (సమయంతో వెలుగు మార్పు) మీద పెట్టి చూడండి. శిఖరాలు కలిస్తే న్యూపర్ట్ ఎఫెక్ట్, ఎలక్ట్రాన్లే వేడిచేశాయనొచ్చు. హార్డ్ ఎక్స్-కిరణాలు మొదలవకముందే ప్లాస్మా వేడెక్కి ఉంటే నేరుగా వేడెక్కిందేమోనని అనుమానించండి. బ్యాక్‌గ్రౌండ్ మాత్రం జ్వాలకి ముందు నిమిషాల నుంచే తీయండి, తోకలో తీస్తే ఈ తేడానే మాయమవుతుంది.